అందరికీ ఒకే మేత

జూన్ 2

ఈ డైరీ రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. ఏడాది మొదట్లో కోళ్ల మేత అమ్మే కొట్టతను ఊరికే ఇచ్చాడు. ప్రతి పేజీ అడుగున ఒక కోడి బొమ్మ. ఏడాది పొడుగునా అదే కోడి, అదే చూపు. ఇన్నాళ్లూ కుట్టుమిషనుకి ఒక కాలు పొట్టిగా ఉంటే ఎత్తు కోసం కింద పెట్టాను. ఈరోజు తీసి, దుమ్ము దులిపి, మిషను కింద అట్టముక్క మడిచి పెట్టి, రాయడానికి కూర్చున్నాను. ఇంట్లో మాట్లాడటానికి మనిషి లేక రాస్తున్నానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల తెలివి. ఖాళీ కాగితం వృథా పోవడం నాకు నచ్చదు, అంతే. దర్జీవాడికి గుడ్డపీలిక పారెయ్యాలన్నా ప్రాణం ఒప్పదు.

మా ఆవిడ వాళ్ల చెల్లెలి ఇంటికి వెళ్లింది. చెల్లెలికి కంటి ఆపరేషను, సాయానికి మనిషి కావాలి. వెళ్లేముందు రోజు ఇంట్లో చిన్న మాట వచ్చిన సంగతి నిజమే గానీ, దానికీ దీనికీ సంబంధం లేదు.

పెరడంతా నాకు అప్పజెప్పి వెళ్లింది. గుడ్లు పెట్టే పెట్టలు ఒక గుంపు, వాటి మీద పెత్తనం చేసే పుంజు, బాతులు ఒక జంట, ఎప్పుడూ గోడెక్కి అరిచే గిన్నీకోళ్లు రెండు, ఒక టర్కీ పుంజు. ఈ టర్కీని మేం ఇన్‌స్పెక్టర్ అంటాం. ఛాతీ పొంగించి పెరడంతా తిరుగుతాడు, ఏ పనీ చెయ్యడు. ఇవి కాక గంప కింద బాతు గుడ్ల మీద కూర్చున్న ఒక ఎర్ర పెట్ట. బాతుకి పొదగడానికి ఓపిక లేదని ఆ గుడ్లు తీసి మా ఆవిడే దీని కింద సర్దింది.

ఏ పక్షికి ఏం పెట్టాలో చెప్పి వెళ్లమని గుమ్మం దగ్గర అడిగాను. ఆవిడ చెప్పులేసుకుంటూ, "మీకు తెలియనిదంటూ ఏముంది" అంది.

పెళ్లయిన ఇన్నేళ్లకి నాకిచ్చిన మొదటి సర్టిఫికెట్ అది.

జూన్ 3

ఆ చిన్న మాట సంగతి కూడా రాసి పెడతాను. లేకపోతే ముందుముందు జనం దాన్ని పెద్దది చేస్తారు.

పక్కింటి నర్సమ్మ ఆసుపత్రిలో డ్యూటీ దిగి టీకి వచ్చింది. మా ఇంటికి టర్కీ ఎలా వచ్చిందో మా ఆవిడ ఆమెకి చెబుతోంది. మంచి కథే. చెప్పడం రావాలి. ఆవిడ ఏమందంటే, ఓ వానరోజున బ్యాండు మేళం తాలూకు మనిషెవరో మా కొట్టుకి వచ్చి టర్కీ పిల్లని వదిలేసి పోయాడంది. వాన ఎక్కడిది? ఎండ మాడిపోతోంది. వచ్చినవాడు మనిషెవరో కాదు, పెద్ద డప్పు వాయించే అతను. అంత పొట్టకి కోటు కుట్టడమే ఓ శాస్త్రం, ముందు గుండీలు పెడితే భుజాలు లేస్తాయి, భుజాలు దింపితే గుండీలు పోతాయి. ఇత్తడి గుండీలు తెస్తానని, తెచ్చేదాకా ఈ పిల్లని చూస్తూ ఉండమని చంకలోంచి తీసి బల్ల మీద పెట్టి వెళ్లాడు. ఇప్పటికీ గుండీలు తేలేదు. ఇదంతా లేకుండా ఆ కథకి అర్థం ఉందా? అందుకని అందుకున్నాను. మొదటి నుంచి సరిగ్గా చెప్పాను. నర్సమ్మ నవ్వాల్సిన చోట నవ్వింది. టీలు చల్లారిపోయాయి.

మా ఆవిడ కప్పులు తీస్తూ, "ఈ ఇంట్లో నాకు జరిగినవి కూడా మీరే చెబుతారు" అంది.

అంతే జరిగింది. మర్నాడు బస్సెక్కింది. కంటి ఆపరేషను కదా.

జూన్ 5

మా ఆవిడ మేత పెట్టే పద్ధతి చూస్తే నవ్వొస్తుంది. పెట్టలకి ఒక డబ్బా, టర్కీకి ఇంకో డబ్బా, పిల్లల కోసమని వేరే చిన్న డబ్బా, బాతులకి తడిపిన మేత, పక్కన ఓ చిప్పలో ఆల్చిప్పల పొడి. నాలుగు మూలలా నాలుగు గిన్నెలు. ఒకదాని గిన్నెలో ఇంకోటి మూతి పెట్టకుండా చీపురు పట్టుకుని కాపలా. రోజులో సగం దీనికే పోతుంది. ఎన్నిసార్లు చెప్పానో, పనిలో తెలివి ఉండాలని.

ఈరోజు పాత నీళ్ల డ్రమ్ము కడిగి ఎండబెట్టి, ఉన్నవన్నీ అందులో పోసేశాను. గుడ్ల పెట్టల మేత బస్తా పెద్దది కాబట్టి అదే ఎక్కువ పడింది. టర్కీ మేత కాస్త, పిల్లల మేత కాస్త, ఆల్చిప్పల పొడి అంతా. చూడటానికి వెలితిగా ఉంటే పైన నూకలు దట్టించాను. గరిట పెట్టి కలియతిప్పాను. ఇక అందరికీ ఒకే మేత, ఒకే గిన్నె. నాలుగు మూలల పని ఒక చోట తేలిపోయింది.

ఇన్‌స్పెక్టర్ వచ్చి ముక్కు పెట్టి చూసి, ఆమోదించాడు.

జూన్ 8

ఫోను రాలేదు. కళ్లకి కట్లు కట్టి ఉంటారు, ఫోను కనిపించదు.

కట్లు కట్టేది చెల్లెలికి కదా అని ఇప్పుడే తట్టింది.

జూన్ 11

గుడ్లు చిట్లి బాతు పిల్లలు బయటికొచ్చాయి. అయిదు. పసుపు రంగు ఉన్నిముద్దలు, మూతులు మాత్రం పెద్దవాళ్లవి. ఎర్ర పెట్ట వాటిని చూసి కాసేపు తల వంకరగా పెట్టి ఆలోచించింది. తర్వాత, నావేలే అన్నట్టు రెక్కల కిందికి లాక్కుంది. పోలికలు చూసి పెంచే రకం కాదు అది.

నర్సమ్మ గోడ మీద నుంచి వంగి ఫోనుతో ఫొటోలు తీసింది. ఎవరికి అని అడిగాను. వదినకి అంది. అంటే రోజూ మాట్లాడుకుంటున్నారన్న మాట. వదిన ఈ పిల్లల కోసమే ఎదురు చూస్తోందట, వీటి గురించి అడగని రోజు లేదట.

నన్నే అడగొచ్చుగా అన్నాను.

"మిమ్మల్ని అడిగితే బాతులు పుట్టినప్పటి నుంచి మొదలెడతారంట అన్నయ్యగారూ. వదినకి ఇప్పటి సంగతి కావాలంట."

ఇది మా ఆవిడ మాట కాదు. నర్సమ్మ కల్పించి ఉంటుంది. మా ఆవిడకి ఇంత చమత్కారం లేదు.

జూన్ 13

పిల్లలు నీళ్ల పళ్లెంలో దిగాయి. ఎర్ర పెట్ట పళ్లెం చుట్టూ అటూ ఇటూ పరిగెత్తి గగ్గోలు పెట్టింది. పిల్లలు మునిగి చస్తున్నాయని దాని బాధ. అవేమో హాయిగా జలకాలాడుతున్నాయి. ఎంత అరిచినా వినలేదు. కాసేపటికి గొంతు పోయి అదే ఊరుకుంది.

దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఎందుకో తెలీదు. ఎండ బాగుంది.

జూన్ 14

పెట్టలు తోలుగుడ్లు పెడుతున్నాయి. పెంకు లేదు, పట్టుకుంటే చేతిలో మెత్తగా జారుతోంది. వాతావరణం.

జూన్ 16

నర్సమ్మ గోడ దగ్గర కనిపిస్తే, మరదలి కన్ను ఎలా ఉందట అని మర్యాదకి అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది. ఆ ఆపరేషను పోయిన ఏడాదే అయిపోయిందట. కంట్లో వేసే మందు తనే ఇక్కడి నుంచి పంపిందట.

రెండో కన్ను అయ్యుంటుంది. మనిషికి రెండు కళ్లు.

జూన్ 18

బాతుపిల్లల్లో ఒకటి ఎక్కువగా కూర్చునే ఉంటోంది. బద్ధకం. మా కొట్టులో పనిచేసిన ఒక కాజాల కుర్రాడు ఇలాగే ఉండేవాడు, కూర్చుంటే లేచేవాడు కాదు, తర్వాత పెద్ద షాపు పెట్టాడు. వాడి కథ ఇంకోసారి.

జూన్ 20

ఇంకో రెండు కూర్చున్నాయి. లేవబోతే కాళ్లు పక్కలకి జారుతున్నాయి. మోకాళ్ల దగ్గర వాపు. రెక్కలు నేలకి ఆన్చి, వాటి మీద బరువు వేసి గిన్నె దాకా పాకుతున్నాయి. బలం చాలక అని ఇంకాస్త మేత వేశాను. నూకలు ఎక్కువ కలిపాను.

నర్సమ్మ చూసింది. ఆమె నవ్వే మనిషి, నవ్వలేదు. వదినకి చెప్పనా అంది. వద్దన్నాను. అన్నీ బాగున్నాయని చెప్పమన్నాను. అబద్ధం చెప్పడం తన వల్ల కాదట, కావాలంటే ఏమీ చెప్పకుండా ఊరుకుంటుందట.

ఇందులో దాచాల్సిందేమీ లేదు. వేరే ఊళ్లో ఉన్న మనిషికి అనవసరమైన కంగారు ఎందుకని. ఈ పిల్లలు బతికుంటే వాటిని చూడటానికైనా వస్తుంది, ఇవి కూడా పోతే ఇక ఈ గుమ్మం తొక్కడానికి ఆవిడకి పనేముంటుంది అని నేను ఎక్కడా అనలేదు.

రాశాను కదా. కొట్టెయ్యాలి. సిరా వృథా, ఉండనీ.

జూన్ 22

ఒకటి పోయింది. గోడ పక్కన గొయ్యి తీసి పెట్టాను. ఎర్ర పెట్ట అక్కడికి వచ్చి మట్టి గీరబోతే తోలేశాను.

మిగిలిన నాలుగూ నన్ను చూడగానే మేత అనుకుని మూతులెత్తుతున్నాయి.

జూన్ 23

ఫోను చేశాను.

మరదలు ఎత్తింది. "బావగారా, ఉండండి" అని ఎక్కడో పెట్టేసింది. గిన్నెలు కడుగుతున్న చప్పుడు, కొళాయి చప్పుడు. కొళాయి ఆగింది. అడుగుల చప్పుడు నాకు తెలుసు.

నేను మాటలు సిద్ధం చేసుకునే ఉన్నాను. ముందు ఎండల గురించి, అక్కడి నుంచి పక్షులకి ఎండదెబ్బ గురించి, అక్కడి నుంచి మెల్లగా కాళ్లలోకి దిగుదామని. ఎండలు మొదలెట్టానో లేదో, ఆవిడ అడ్డుకుంది.

"విషయం చెప్పండి."

"పిల్లలు లేవట్లేదు" అన్నాను.

ఇంత పొట్టిగా నేనెప్పుడూ ఏదీ చెప్పలేదు. ఆవిడకీ అనుమానం వచ్చినట్టుంది, ఇంకా ఏమైనా ఉందేమోనని కాసేపు ఆగింది.

"ఎన్ని?"

"ఒకటి లేదు. నాలుగున్నాయి."

"ఏం పెడుతున్నారు?"

"అందరికీ ఒకటే."

"ఒకటే అంటే?"

డ్రమ్ము సంగతీ, తోలుగుడ్ల సంగతీ చెప్పాను. చెబుతుంటేనే నాకు అది వినడానికి బాగా లేదు. అటు నుంచి ఊపిరి వదిలిన శబ్దం.

"ఇన్నేళ్లలో ఒకరి కొలతకి ఇంకొకరి చొక్కా కుట్టారా మీరు?"

కుట్టలేదు. చెప్పబోతే చెప్పనివ్వలేదు. రాసుకోండి అంది. కాగితం దగ్గర లేదు, సుద్దముక్కతో కత్తిరింపు బల్ల మీద రాసుకున్నాను. గుడ్ల మేతలో సున్నం ఎక్కువ, పెరిగే పిల్లల ఎముకలకి అది పడదు. పెట్టలకేమో నూకలతో పలచబడి అదే సున్నం చాలలేదు, తోలుగుడ్లు అందుకే. బాతు పిల్లలకి నియాసిన్ అనే విటమిన్ కోడిపిల్లల కంటే బాగా ఎక్కువ కావాలి, నూకల్లో ఉన్నది చాలదు, అందుకే కాళ్లు పోయాయి. నర్సుని అడిగి దాని పొడి తెప్పించి తాగే నీళ్లలో కలపాలి. పచ్చి బఠాణీ ఉడికించి, పొట్టు తీసి, నలిపి పెట్టాలి. కింద జారని గోనె పరవాలి. మేతకి ఆనుకునే నీళ్లుండాలి, మూతి మునిగేంత లోతు.

అప్పుడు నేను తెలివిగా ఒక ప్రశ్న అడిగాను. అలాగైతే అందరికీ ఒకే మేత అనేదే తప్పా అని.

"తప్పు కాదు. నేనూ దూరం వెళితే అలాగే పెడతాను. కానీ చిన్నవాటి మేత పెద్దవాటికి పెట్టొచ్చు, పెద్దవాటిది చిన్నవాటికి పెట్టకూడదు. ఆల్చిప్పల పొడి వేరే చిప్పలో పక్కన ఉంచితే, కావలసిన పెట్ట వచ్చి కావలసినంత తింటుంది. కలిపేసి అందరి నోట్లో కుక్కకూడదు." మళ్లీ తనే, "దేనికైనా అంతే" అంది.

ఫోను పెట్టేశాక ఆలోచించాను. దేనికైనా అంటే, టర్కీకి కూడా అని అయ్యుంటుంది.

జూన్ 24

నర్సమ్మ పొడి తెచ్చింది. కొలత ఆమే చూపించింది. బఠాణీ పొట్టు తీయడం గుండీల కాజాలు కుట్టడం కంటే చిరాకు పని. వేలి కొనమీద పెట్టి ఒక్కోదానికీ అందించాను. పాత గోనె రెండు పొరలుగా కుట్టి కింద పరిచాను, అంచులు కూడా మడిచి కుట్టాను. బాతులు అంచులు చూడవని తెలుసు.

జూన్ 25

మార్పు లేదు. బఠాణీ.

జూన్ 26

బఠాణీ.

జూన్ 27

ఒకటి లేచింది.

అన్నిటికంటే చిన్నది. గోనె మీద తూలుతూ నిలబడి, తనే ఆశ్చర్యపోయి, కూలబడి, మళ్లీ లేచింది. నర్సమ్మ డ్యూటీలో ఉంది. ఇన్‌స్పెక్టర్‌కి చెప్పాను, మెడ ఎర్రగా చేసుకుని వెళ్లిపోయాడు. ఫోను చేస్తే ఈసారి ఆవిడే ఎత్తింది. నేను నోరు తెరవకముందే లేచిందా అని అడిగింది.

"లేచింది."

నాకు చెప్పడానికి బోలెడుంది. సుద్దముక్క చేతిలో తిప్పుతూ కూర్చున్నాను. చివరికి ఆవిడే అంది, వీలు చూసుకుని వస్తానని. ఈకలు వచ్చేదాకా ఉండి వెళతానని. అక్కడ తనకి బాగానే ఉందని కూడా అంది, నేను అడక్కపోయినా.

జూన్ 30

వచ్చింది. చేతిలో చిన్న సంచీ.

సంచీ అరుగు మీద పెట్టి తిన్నగా పెరట్లోకి వెళ్లింది. నన్ను చూసి కాదు, ముందు ఎర్ర పెట్టని చూసి పలకరించింది. పిల్లల్ని ఒక్కోదాన్నీ అరచేతిలోకి తీసుకుని కాలు లాగి చూసింది. మూడు నిలబడుతున్నాయి. నాలుగోది ఇంకా కుంటుతోంది, అది అలాగే ఉండిపోవచ్చంది. గోనె అంచులు తడిమి చూసి, నావైపు చూసింది.

డ్రమ్ము దగ్గర ఆగింది. మూత తీసి, లోపల చెయ్యి పెట్టి కలిపి చూసింది. ఏదైనా అంటుందని ఎదురు చూశాను. అంటే జవాబు కూడా ఉంది నా దగ్గర. మూత పెట్టేసి, "పెట్టలు తింటాయిలెండి, పిల్లల కంట పడనివ్వకండి" అని డబ్బాలు వెతుక్కుంటూ వెళ్లింది.

ఇంత తేలిగ్గా వదిలేస్తే మనిషికి ఎంత కష్టంగా ఉంటుందో ఆవిడకి తెలుసు.

జూలై 9

నర్సమ్మ టీకి వచ్చింది. బాతు పిల్లల కథ మొదటి నుంచి చెప్పమంది. నన్ను కాదు, మా ఆవిడని.

ఆవిడ చెప్పింది. నేను నోట్లో గుండుసూదులు పెట్టుకుని కొలతలు తీసేటప్పుడు ఎలా ఉంటానో అలా కూర్చున్నాను. ఆవిడ చెప్పినదాంట్లో తప్పులు చాలా ఉన్నాయి. డ్రమ్ము ఆకుపచ్చది కాదు, నీలం. నేను ఫోనులో ఏడుపు గొంతుతో మాట్లాడలేదు, జలుబు. బఠాణీలు నేను రెండు రోజులు మాడ్చాను అంది, ఒక్కరోజే. అన్నీ ఇక్కడ రాసి పెట్టాను కాబట్టి పైకి అనలేదు. డైరీ ఇందుకే మంచిది.

ఒక చోట నర్సమ్మ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. అది నవ్వే చోటని నాకు ఎప్పుడూ తట్టలేదు. నేను చెప్పి ఉంటే అక్కడ ఆగకుండా వెళ్లిపోయేవాణ్ని.

టీ వేడిగా తాగాం.

జూలై 23

పిల్లలకి భుజాల దగ్గర, తోక దగ్గర ఏదో గరుకుగా వస్తున్నట్టుంది. నా చూపు ఈమధ్య సరిగ్గా లేదు. ఉన్ని చిక్కుపడి ఉంటుంది.

జూలై 30

ఉన్నే.

ఆగస్టు 4

పొద్దున పళ్లెంలో నీళ్లు మారుస్తుంటే నాలుగూ బయటికొచ్చి దులుపుకున్నాయి. ఒంటి నిండా ఈకలు. కుంటిదానికి కూడా. గుడ్డివాడైనా చూస్తాడు. పక్కనే మా ఆవిడ గిన్నె తోముతోంది. ఆవిడా చూసింది. నేను నీళ్ల గురించి మాట్లాడాను. ఆవిడ కూడా నీళ్ల గురించే మాట్లాడింది. నీళ్ల మీద ఇంత సేపు మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆవిడ తెచ్చిన సంచీ ఇంకా కొక్కేనికి వేలాడుతూనే ఉంది. నాకేం, ఉండనీ.

ఆగస్టు 6

మేత అయిపోవచ్చింది. మేత కొట్టతను బండి మీద అటుగా వెళుతూ గేటు దగ్గర ఆపి, "మాస్టారూ, పిల్లల మేత చిన్న బస్తా వెయ్యమంటారా, పెద్దదా?" అని అడిగాడు. చిన్నదైతే ఈ నాలుగింటికి పట్టుమని పది రోజులు రాదు. పెద్దదైతే చలికాలం దాకా వస్తుంది. నేను బండి మీది బస్తాల వంక చూశాను.

మా ఆవిడ కొళాయి దగ్గర గిన్నెలు కడుగుతోంది. తల ఎత్తకుండా, "పెద్దది వెయ్యమనండి" అంది.

వెయ్యమన్నాను. చినుకులు పడుతుంటే ఇద్దరం చెరో కొసా పట్టి బస్తా లోపలికి చేర్చి, చెమ్మ తగలకుండా కింద చెక్క వేశాం.